టమోటాల కేసులో రాజీ

ఆదోని
నవంబరు, ఆదివారం

రూతక్కకు,

ఈరేష్ రాసేది. చేతిలో ఫోను పెట్టుకొని ఉత్తరం రాసేదేందిరా అని నువ్వు నవ్వుతావని తెలుసు. నేనూ నవ్వినా. సంయుక్త మేడం మాత్రం నవ్వలేదు. "లా ఎంట్రన్సు కంప్యూటర్లో నొక్కితే అయిపోతుంది. సీటొచ్చినాక అయిదేండ్లు చేత్తో రాయాల్సిందే. కోర్టులో నేను ఇప్పటికీ రాస్తానే ఉన్నా" అనింది. శనివారం మీకు ఎమ్మిగనూరులో, ఆదివారం మాకు ఆదోనిలో క్లాసు చెప్పేది ఆమే కదా. అందుకని ఈ ఊరోళ్ళను ఆ ఊరోళ్ళను జతలు కలిపి, జతకొక తగాదా ఇచ్చి, ఉత్తరాల్లో వాదించుకోమనింది. ఉత్తరాలు ఆమె బ్యాగులోనే పోతాయి, వస్తాయి. అంటించి ఇస్తే విప్పదంట.

జత ఎవరు కావాలంటే నీ పేరు చెప్పినా. మీరు మా వీధిలో ఉన్నప్పుడు నన్ను చెవి పట్టుకొని బడికి ఈడ్చుకపోయింది నువ్వే. నీకు పెండ్లయి ఎమ్మిగనూరికి పోయినాక చెవి పట్టేవాళ్ళు లేరు, తొమ్మిదిలో మానేసినా. మళ్ళీ నువ్వే ఓపెన్ స్కూల్లో పది కట్టించినావు, ఇంటరు కట్టించినావు. ఇప్పుడు లా అంటాండావు. నీకు నలభై దగ్గర పడినా ఆ చెయ్యి ఊరుకోలేదు.

నేను ఇంకా జిన్నింగు మిల్లులోనే ఉన్నా. పత్తిని పైపు కాడికి తోసే పని. పక్కన తోసే గిడ్డయ్య "ప్లీడరు సారూ, ఆ కుప్ప కొంచెం ఇట్ల తోయండి" అంటాడు. పొద్దంతా ఒకే కాడ నిలబడాల. నాకు కాళ్ళు గుంజుతాయి, పని వల్ల కాదు, యాడికీ పోకుండా ఉన్నందుకు.

సరే, మన తగాదా. మద్దమ్మ అనే రైతు వీరన్న ఆటోలో టమోటాలు పత్తికొండ మార్కెట్టుకు వేసింది. దారిలో గొర్రెల మంద అడ్డమొస్తే వీరన్న బ్రేకు కొట్టినాడు. బాక్సులు రోడ్డు మీద పడి టమోటాలు పచ్చడైనాయి. నష్టం ఎవరిది? నువ్వు మద్దమ్మ ప్లీడరువి, నేను వీరన్న ప్లీడరును. కట్టిన తాడు మద్దమ్మది, ముడి వేసింది వీరన్న.

అక్కా, నాకు దీన్ని సాగదీసే ఓపిక లేదు. సగం మీది, సగం మాది. ఒప్పుకుంటే ఇద్దరికీ పని తప్పుతాది.

నీ ఎదుటి పక్షం ప్లీడరు,
ఈరేష్


ఎమ్మిగనూరు
నవంబరు, మూడో శనివారం

ఈరేషూ,

నీ రాత చూసి కండ్లలో నీళ్ళొచ్చినాయి, సంతోషానికి కాదు. అక్షరాలు కూడా బస్సెక్కి పోయేవాళ్ళ మాదిరి వాలిపోయి ఉన్నాయి. నిదానంగా రాయి.

మీ రాజీకి మా మద్దమ్మ ఒప్పుకునింది. నలిగిన టమోటాలు మాత్రం వీరన్న తీసుకొని ఇంట్లో చారు పెట్టుకోవాల. అది మా షరతు.

ఇప్పుడు మన ఒప్పందం సంగతి. మాటకు బదులు మాట ఇచ్చినా ఒప్పందం అవుతాదని మేడం చెప్పింది కదా. నా మాట ఇది. నువ్వు జూన్లో ఎంట్రన్సు రాస్తే నేనూ రాస్తా. నువ్వు సగంలో లేచి పోతే నేనూ మానేస్తా. నవ్వులాటకు కాదు. నీకంటే నాకే ఎక్కువ కావాల ఈ చదువు. కూలికి పోయిన చోట మా ఆడోళ్ళకు ఎవరైనా అన్యాయం చేస్తే, ఏ ఆఫీసుకు పోవాలో కూడా తెలీక వెనక్కి వచ్చినాము చానాసార్లు. నాకది తెలియాల. అయినా ఒక్కదాన్నే పోలేను. నువ్వు పక్కన కూచుంటే పోతా.

ఒక సంగతి నీ కడుపులో దాచుకో. శనివారం సాయంత్రం క్లాసుకు పోతాండానని మా అత్తకు చెప్పలేదు. చర్చిలో పాటల ప్రాక్టీసు అని చెప్పినా. మా అత్త దానమ్మ సంగతి నీకు తెలీదు. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి ఆడోళ్ళ గుంపును తోలకపోయేది ఆమే. రైతులతో బేరం ఆడేది ఆమే. ఆమెకు తెలీకుండా గుంపులో ఒక చెయ్యి కదలదు. మీ ప్రదీప్ బావకు తెలుసు, కానీ ఆయన అమ్మ ముందర నోరు తెరిస్తే ఆవలింతకే.

నీ మాట రాసి పంపు.

రూతక్క


ఆదోని
డిసెంబరు

రూతక్కా,

నా మాట: రాస్తా. సంతకం కూడా పెట్టినా చూడు, వాలకుండా.

మన రాజీ పత్రం చూసి మేడం నన్ను లేపి నిలబెట్టింది.

"వీరన్నకు నువ్వు చేసిన మేలేంది?" అనింది.

"సగం నష్టం తప్పించినా మేడం."

"ఆయప్ప తప్పు చేసినాడా?"

"తెలీదు మేడం."

"తెలీకుండా సగం ఎట్ల ఒప్పుకున్నావు?"

"తగాదా తొందరగా అయిపోతాదని."

క్లాసంతా నవ్వినారు. మేడం నవ్వకుండా "తగాదా అయిపోవాలనా, నువ్వు లేచి పోవాలనా?" అనింది. నేను కూచున్నా. నిన్ను కూడా అడుగుతాదంట, సిద్ధంగా ఉండు. "రాజీ తప్పు కాదు. ముందు నీ పక్షం ఏందో తెలుసుకోకుండా పడే రాజీ తప్పు. మన దిక్కు చెట్టుకిందా కట్టమీదా కూచోబెట్టి సగం సగం అనేస్తారు. గట్టిగా ఉన్నోడికి అదే లాభం" అని బోర్డు మీద రాయకుండానే చెప్పింది, అయినా నాకు గుర్తుండిపోయింది. కేసు మళ్ళీ మొదటినుంచి రాయాలంట.

ఇంకో ప్రశ్నలో కూడా తప్పినా. పరీక్షలో ఒక సూత్రం ఇస్తారు, ఒక సంగతి ఇస్తారు, నాలుగు జవాబులు. సూత్రమేమో ఒకరి పశువు ఇంకొకరి చేలో మేస్తే పశువు గలవాడిదే బాధ్యత. సంగతేమో ఒకాయన ఎద్దు పక్క చేలో మేసింది. నేను "ఎవరిదీ బాధ్యత కాదు" అని పెట్టినా. చేనుకు కంచె వేసి ఉండడు అనుకున్నా. "కాయితంలో లేని కంచె నీకెందుకప్పా" అనింది మేడం. చేను కండ్ల ముందర కనిపిస్తే నేనేం చేసేది? మా క్లాసులో అందరిదీ ఇదే రోగం. ఒకాయన ఎద్దు రంగు అడిగినాడు.

మిల్లు ముందర నుంచి హరికృష్ణన్న బోర్లు వేసే బండి పోయింది నిన్న. పోయిన యేడు ఎండాకాలం నేను దాని మీదే కదా సింధనూరు, గంగావతి తిరిగింది. హారను కొట్టి చెయ్యెత్తినాడు. ఊరికే రాస్తాండా.

ఈరేష్


ఎమ్మిగనూరు
జనవరి, జాతర అయినాక

ఈరేషూ,

దేవుని దయ వల్ల అందరం బాగున్నాం. జాతరకు వస్తావని చూసినా, రాలేదు.

నీ ఎద్దు ప్రశ్న పత్తి చేలో మా గుంపును అడిగినా. అడిగినదానికి చేలో పని నిలిచిపోయింది. ఈరమ్మ "ఎద్దు ఎవరిది, మా బంధువులదా?" అనింది. రామమ్మ "రాత్రి మేసిందా, పగలా? పగలైతే కాపలా ఉన్నోడు ఏం పీకుతాండె?" అని లేచింది. మా అత్త నడుము పట్టుకొని నిలబడి, "ముందు ఆ ఎద్దును మన దొడ్లో కట్టేయండి. దాని గలవాడే వచ్చి మాట్లాడతాడు" అనింది. రైతు గట్టు మీద నుంచి అరిచేదాకా ఎవరూ వంగలేదు. ఇప్పుడు దినాం ఒక ప్రశ్న అడగమని గుంపంతా నా వెంబడి పడతాండారు. ఎప్పుడూ రానోళ్ళు కూడా ఆటో ఎక్కుతాండారు.

అత్తకు మాత్రం అనుమానం వచ్చింది. పోయిన ఆదివారం చర్చి నుంచి వస్తా వస్తా అడిగింది. "రెండు నెలలుగా శనివారం శనివారం పాటలు నేర్చుకుంటాండావు. ఆదివారం లేసి పాడమంటే అదే పాత పాట. ఆ నేర్పే ఆయనకు ఒకటే వచ్చునా?" నేను దగ్గు వచ్చినట్టు దగ్గినా.

పోయిన రెండు వారాలు మేడం బ్యాగులో నీ ఉత్తరం లేదు. ఆమె బ్యాగు తెరిచి మూసింది, అంతే. ఒంట్లో బాగలేదా, మనసు బాగలేదా?

మద్దమ్మ వాదన వేరే కాయితంలో పెట్టినా. ముడి వేసినోడిదే బాధ్యత. ఈసారి సగం లేదు.

రూతక్క


ఆదోని
మార్చి

రూతక్కా,

ఉత్తరాలు రాయలేకపోయినా. పని ఎక్కువ. ఒక ప్రాక్టీసు ప్రశ్న పంపుతాండా, జవాబు రాయి.

సంగతి: 'అ' అనే ఒకడు ఉన్నాడు. వానికి ఒక కాడ నిలబడేది చేతకాదు. 'బ' అనే ఆయనకు బోర్ల బండి ఉంది. ఏప్రిల్ ఆఖర్లో బండి కర్నాటక దిక్కు పోతాది, వానలు బాగా పట్టుకునేదాకా తిరిగి రాదు. 'బ' వచ్చి "వస్తావా?" అంటే 'అ' "వస్తా" అనేసినాడు. ఆలోచించలేదు. రోడ్డు కనిపించింది, నోట్లో నుంచి మాట వచ్చేసింది. ఇప్పుడు 'అ' పోవాల్నా, పోకూడదా?

వీరన్న వాదన ఇంకా రాయలేదు.

ఈరేష్


ఎమ్మిగనూరు
మార్చి, ఆఖరి శనివారం

ఈరేషూ,

జవాబు: నీ సంగతిలో ఒక ముక్క విడిచిపెట్టినావు. 'అ' అంతకుముందే 'ర' అనే ఆమెకు ఒక మాట ఇచ్చినాడు, సంతకం కూడా పెట్టినాడు, వాలకుండా. ఇద్దరికీ మాట ఇచ్చినాడు. ఏ మాట నిలబెట్టుకోవాలో నేను చెప్పను. నీ చెవి ఇప్పుడు నాకు అందదు, ఎత్తు పెరిగినావు.

కోపం లేదు. నీ అరికాళ్ళు ఒక కాడ నిలవవని నాకు తెలుసు.

ఈడ నా సంగతి కూడా బయటపడింది. మా పాస్టరమ్మ కూరగాయల కాడ కనిపిస్తే అత్త అడిగిందంట, శనివారం పాటలు ఎవరు నేర్పుతారని. ఆయమ్మ పాపం అబద్ధం చెప్పలేదు. శనివారం ప్రాక్టీసే లేదని, నేను లా పరీక్ష క్లాసుకు పోతాండానని చెప్పేసింది. ఇంటికొచ్చి అత్త అరవలేదు. అరిస్తే బాగుండు. "పరీక్ష ఎప్పుడు?" అనింది. జూన్లో అన్నా. "జూన్లో వాన పడితే విత్తనం పని. ఆ పొద్దు నువ్వు యాడికీ పోయేది లేదు" అని లోపలికి పోయింది.

నా తరపున మాట్లాడేవాళ్ళు లేరు. నేను మాట్లాడితే ఏడుపొస్తాది. బావ సంగతి చెప్పినా కదా. నువ్వు బండెక్కేలోపల ఒకసారి వచ్చి మాట్లాడతావా? వాదించి పో. అదొక్కటే అడుగుతాండా.

ఒక్కటి తెలుసుకో. మా అత్త బేరంలో కొంగు దులుపుకొని లేచి పోతాది. లేచిందంటే బేరం అయిపోయినట్టు కాదు, అప్పుడే మొదలైనట్టు. రైతులు భయపడి వెనక నుంచి పిలుస్తారు. నువ్వు పిలవొద్దు.

రూతక్క


ఆదోని
ఏప్రిల్, మీ ఇంటి నుంచి వచ్చినాక

రూతక్కా,

మీ అత్త నిన్ను బయటికి పంపించేసింది కాబట్టి లోపల ఏమైందో నీకు తెలియాల. బస్సు దిగి నేరుగా కూచొని రాస్తాండా.

పోయేసరికి వసారాలో మిరపకాయల కుప్ప ముందర కూచొని తొడిమలు తీస్తాంది. నేను నిలబడినా. "మాట్లాడేవాడు చేతులు ఊరికే పెట్టుకోకూడదు" అని ఒక చాటెడు నా ముందరికి తోసింది. కూచొని నేనూ తీసినా. ఘాటుకు తుమ్ములు. ఒక తుమ్ము, ఒక మాట, అట్ల సాగింది మన వాదన.

"ఏమప్పా, నువ్వేనా మా కోడలికి పాటలు నేర్పేది?" అనింది.

"నేను కాదవ్వా. నేను పక్కన కూచొని పాడేవాణ్ణి."

"చానా బాగా పాడతాండారు ఇద్దరూ. ఏం కావాల నీకు?"

"అక్కను జూన్లో పరీక్షకు పంపాల."

"వాన పడితే ఆయమ్మ లేకుండా నా గుంపు కదలదు. ఆమె ప్రశ్నలు అడుగుతాదని వస్తాండారు సగం మంది. ఎద్దు కత ఇంకా తెగలేదు మా వాళ్ళకు. నువ్వేమో పరీక్ష అంటావు."

"ఒక్క దినమే గదవ్వా."

"ఒక్క దినం పరీక్ష. తర్వాత అయిదేండ్లు చదువు. నాకు తెలీదనుకుంటివా? అడిగి తెలుసుకున్నా." కాసేపు తొడిమలు తీసింది. తర్వాత గొంతు తగ్గించి, "సరే, ఇట్ల చేద్దాం. ఈ యేడు వద్దు. వచ్చే యేడు రాయనీ. అప్పటికి ఇంకొకరిని తయారు చేసుకుంటా. పరీక్ష యాడికి పోతాది?" అనింది.

మంచి రాజీ అక్కా. ముందటి నేనైతే ఒప్పుకొని, టీ తాగి, బస్సెక్కి పోదును. నోటిదాకా వచ్చింది సరే అనే మాట. అప్పుడు మేడం అడిగింది గుర్తొచ్చింది, నీ పక్షం ఏందని.

"వచ్చే యేడు అనేది నాకు బాగా తెలుసవ్వా. తొమ్మిదిలో బడి మానినప్పుడు మా నాయనతో నేను అదే మాట అన్నా. వచ్చే యేడు పోతాలే అని. ఎవరూ కాదనలేదు. అందరికీ నచ్చింది ఆ మాట. ఈ యేడే పంపాల."

ఆమె చాట పక్కన పెట్టింది. కొంగు దులిపింది. లేచింది. లోపలికి పోయింది.

నేను లేవలేదు. పిలవలేదు. నాకెంత కష్టమో నీకు తెలుసు. కండ్లలో నీళ్ళు, ముక్కులో నీళ్ళు, కాళ్ళు రోడ్డు మీదికి గుంజుతాండాయి. తొడిమలు తీస్తానే ఉన్నా. మీ ఇంట్లో కుప్ప అంతా అయిపోయి ఉంటాది చూసుకో. చానా సేపటికి వచ్చి వాకిట్లో నిలబడింది.

"నువ్వు రాస్తాండావా పరీక్ష?" అనింది.

నేను నోరు తెరవకముందే మళ్ళీ అనింది. "నీ కత మా కోడలు చెప్పింది. యాడా నిలవవంట. అయితే నా మాట విను. ఆ పొద్దు నువ్వు వచ్చి పిలుచుకపోతే పంపుతా. బస్సులో నుంచి చెయ్యూపితే పంపను. దిగి నా ముందర నిలబడాల. నువ్వు రాకుంటే ఆమె రాదు, విత్తనం పనికి పోతాది. ఇష్టమైతే సరే అను, లేకుంటే ఆ చాట ఆడ పెట్టి పో."

సరే అన్నా.

బస్సులో కిటికీ పక్కన కూచొని తర్వాత ఆలోచించినా, దేనికి సరే అన్నానో. కండ్లు ఇంకా మండుతాండాయి.

ఈరేష్


ఎమ్మిగనూరు
మే, మొదటి శనివారం

ఈరేషూ,

కుప్ప అయిపోయింది, చూసినా. నువ్వు తీసినవి సగం కాయలు కూడా విరిగినాయి, అత్త చారులో వేసింది. ఏమీ అనలేదు, అంటే మెచ్చుకున్నట్టే.

హాల్ టికెట్టు మేడం తీసి ఇచ్చింది. ఇద్దరి సెంటరూ కర్నూలే.

ఆదోని నుంచి వచ్చిన ఒకామె హరికృష్ణ బండి పోయిందని చెప్పింది. దాని మీద ఎవరెవరు ఉన్నారో చూడలేదంట. నీ ఉత్తరం రెండు వారాలుగా లేదు. మేడాన్ని అడగలేదు. ఫోను చేతిలో ఉంది, చేయలేదు. ఉత్తరాల్లో మొదలైంది ఉత్తరాల్లోనే తెలియనీ.

అత్త దినాం ఒకటే మాట. "ఆ తుమ్ముల పిల్లోడు వస్తాడంటావా?" వస్తాడంటాండా. నువ్వు పోయి ఉంటే, దారిలో జాగ్రత్త. నిన్ను తిట్టను. మన ఒప్పందంలో నేను రాసిన రెండో ముక్క, నేనూ మానేస్తానన్నది, అది మాత్రం కొట్టేస్తాండా. అట్ల రాసి ఉండకూడదు. నువ్వు రాకుంటే అత్త ముందర నేనే నిలబడతా, ఏడుపొచ్చినా సరే.

రూతక్క


ఆదోని
మే, మూడో ఆదివారం

రూతక్కా,

బండి పోయింది. నేను పోలేదు.

ఇన్ని వారాలు ఉత్తరం రాయలేదంటే వీరన్న వాదన రాస్తాండా. ఎనిమిది పేజీలు అయింది. దీనితోపాటే ఉంది, చూసుకో. గొర్రెలు అడ్డమొస్తే బ్రేకు కొట్టకుండా పోవాల్నా మీ మద్దమ్మ టమోటాల కోసం?

హరికృష్ణన్న కాడికి పోయినా. బండికి గ్రీజు పెడతాండె. "అన్నా, నేను రాలేను" అన్నా. రెంచీ కింద పెట్టి నన్ను కిందికీ మీదికీ చూసినాడు.

"ఏమిరా, నువ్వు చెప్పి మానేది ఇదే మొదలు గదా. ఎప్పుడూ కనిపించకుండా పోతావు కదా" అన్నాడు.

"ఈసారి చెప్పాలనిపించిందన్నా."

"ఏం పని పడింది?"

"లా చదవాల."

"నువ్వా? కాలేజీలో ఒక కాడ కూచుంటావా?" అని గ్రీజు చేత్తోనే నవ్వు తుడుచుకున్నాడు, మూతంతా నల్లగైంది. "నీ బదులు ఎవరినన్నా చూపించి పో."

గిడ్డయ్యను పంపినా. మిల్లులో నన్ను ప్లీడరు సారూ అని ఏడిపించేవాడే. ఎప్పటినుంచో బోర్ల బండి ఎక్కాలని ఉందంట వానికి. ఇప్పుడు వాని కుప్ప కూడా నేనే తోస్తాండా. కాళ్ళు ఇంకా గుంజుతాయి. గుంజనీ.

నువ్వు కొట్టేసిన ముక్క నేను ఒప్పుకోను. ఒప్పందాన్ని ఒక్కరే మార్చేది చెల్లదని మేడం నోట్సులో ఉంది. నువ్వే నాకు పంపినావు ఆ పేజీ.

పరీక్ష దినం పొద్దున్నే వస్తా. దిగుతా. మీ అత్త ముందర నిలబడతా. మిరపకాయలు మాత్రం పెట్టొద్దని చెప్పు.

ఈరేష్


ఎమ్మిగనూరు
జూలై

ఈరేషూ,

ఇద్దరం పాసయినాం. నీ ర్యాంకు నాకంటే ముందుంది. నేను ఒక రోజంతా ఏమీ అనకుండా ఉన్నా, ఇప్పుడు అంటాండా: చానా సంతోషం నాయనా.

పరీక్ష పొద్దు సంగతి నీకు పూర్తిగా తెలీదు కాబట్టి రాస్తాండా. మేము బస్టాండుకు వచ్చేసరికి నువ్వు ముందు బస్సుకే వచ్చి, షట్టర్లు వేసిన అంగడి ముందర చేతులు కట్టుకొని నిలబడి ఉన్నావు. అత్త దూరం నుంచే చూసింది. దగ్గరికి పోలేదు. నన్ను ఆపి, కాసేపు నిన్నే చూస్తా నిలబడింది. "ఏమే, లేసి పోలేదే వాడు" అనింది నాతో. తర్వాత కదా నీ ముందరికి వచ్చి "టిఫిను తిన్నావా?" అనింది. అంతకు ముందు జరిగింది నీకు కనపడలేదు.

కోడుమూరు దాటినాక టమోటాల మీద మనం అరుచుకుంటాంటే కండక్టరు వచ్చి "యాడ పడినాయమ్మా టమోటాలు, మా బస్సులోనా?" అని సీట్ల కింద వంగి చూసినాడు కదా. ఆ సంగతి గుంపులో చెప్పినా. ఈరమ్మ వీరన్న పక్షం. రామమ్మ మద్దమ్మ పక్షం. గొర్రెల కాపరి మీద కేసు వేయాలని మా అత్త. విత్తనాలు వేసేటప్పుడు ఒక సాలు దాటలేదు ఆ పొద్దు.

అన్నట్టు శనివారం ఇప్పుడు నిజంగానే పాటల ప్రాక్టీసుకు పోతాండా. అత్త ఆర్డరు. "ఆర్నెల్లు నేర్చుకున్నావు గదా, కొత్తది పాడు" అని చర్చిలో అందరి ముందర అనేసింది. పోయిన ఆదివారం పాడినా. గొంతు పోయింది. అత్త మాత్రం తల ఊపింది.

కాలేజీ ఎప్పుడు మొదలైతే అప్పుడు చూద్దాం. నువ్వు దినాం ఒకే బెంచీ మీద కూచుంటావో లేదో చూడాలని నాకు చానా ఆశగా ఉంది.

నీ ఎనిమిది పేజీలు రెండుసార్లు చదివినా. బాగా రాసినావు, ఒక్క అక్షరం వాలలేదు. అయినా తాడు మాది, ముడి మీ వీరన్నది. గొర్రెలు ఆ దారిలో ఎప్పుడూ అడ్డమొస్తాయి, ముడి వేసేటప్పుడే ఆ సంగతి తెలిసి ఉండాల. రాజీ లేదు.

జవాబు రాయి. మేడం బ్యాగు శనివారం వస్తాది.

రూతక్క